టీచరమ్మ కొత్త కంప్యూటరు

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. నేను దగ్గర లేనప్పుడు నా బిడ్డకు ఫిట్స్ వస్తాయేమోనని. పామంటే భయమే, ఉరుమంటే భయమే. మా ఆయన జీపు కొండ రోడ్డెక్కిన రోజు మళ్లీ ఇంటి ముందు ఆగేదాకా నాకు అన్నం లోపలికి దిగదు. కానీ అవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

నవీనకు మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు ఇంకా మాటలు కూడా సరిగ్గా రాలేదు. పెద్దాసుపత్రిలో డాక్టరు ఎర్రమందు రాసిచ్చాడు. పొద్దున ఒక మూత, రాత్రి ఒక మూత. "పూట తప్పిందంటే మళ్లా రావచ్చు. అట్లని జాస్తిగా పోసినావనుకో, బిడ్డ మత్తులో పడిపోతాది, ఊపిరి మందగిస్తాది. జాగ్రత్తమ్మా" అన్నాడు. ఆయన పది మందికి చెప్పినట్టే నాకూ చెప్పి ఉంటాడు. నాకు మాత్రం ఆ తర్వాత ఒక్క రాత్రి కూడా ఒళ్లు తెలియని నిద్ర పట్టలేదు.

అటువంటిదాన్ని, రెండువేల నాలుగు ఎండాకాలంలో తిరుచానూరులో ఒక లాడ్జి పనికి ఒప్పుకున్నానంటే, అది చంద్రకాంతమ్మ ఉందన్న ధైర్యంతోనే.

మేము అద్దెకుండిన ఇల్లు ఆమెదే. వెనక భాగం మాది. ముందు గదిలో ఒకప్పుడు ఆమె టైపు నేర్పేది. తిరుపతి ఆఫీసుల్లో గుమాస్తాలు చాలామంది ఆమె చేతి కింద లోయరు, హయ్యరు టైపు పరీక్షలు పాసైనవాళ్లే. అందుకే ఊళ్లో అందరికీ ఆమె టైపు టీచరమ్మ. భర్త చిన్న వయసులోనే పోయాడు. పిల్లల్లేరు. మిషన్ల కాలం అయిపోయాక, ఇంక ఈమె పని కూడా అయిపోయిందని అందరూ అనుకుంటూ ఉంటే, అరవై దగ్గర పడుతున్న మనిషి పోయి కంప్యూటరు కొనుక్కొచ్చింది. పెళ్లి పత్రికలు, గృహప్రవేశాలు, యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టులు, అన్నీ కొట్టి ఇచ్చేది.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. తెలుగు మాత్రం గడగడా చదువుతాను. మధ్యాహ్నం పని నుంచి వచ్చాక ఆమె పక్కన కూర్చుని, రాసిచ్చిన కాగితం నేను చదివితే, ఆమె కాగితం వైపు గానీ కీబోర్డు వైపు గానీ చూడకుండా గోడమీది అమ్మవారి పటం చూస్తూ కొట్టేది. చదివే మనిషి, కొట్టే మనిషి. టైపు పనిలో అది పాత పద్ధతట.

"నువ్వు కామా దగ్గర ఊపిరి తీసుకుంటావు మే. అందుకే నీ చదువు నా చేతికి సరిపోతాది" అనేది.

లాడ్జిలో నా పని తెల్లవారుజామునే మొదలు. గదులు ఊడ్చాలి, దుప్పట్లు మార్చాలి, ఉతికి వచ్చినవి మడతలు పెట్టాలి. నేను పోయేటప్పటికి నవీన నిద్రలో ఉండేది. లేచాక టీచరమ్మే మొహం కడిగి, ఇడ్లీ తినిపించి, మందు పోసేది. మందుసీసా ఆమె అల్మారా పైఅరలోనే ఉండేది. వేరే ఎవరి చేతిలో నేను ఆ సీసా పెట్టను. మా అత్త చేతిలో కూడా పెట్టలేదు.

ఆ ఎండాకాలంలోనే కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది.

"సూడు మే దీని పొగరు" అంది ఒకరోజు, నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే. "చిరంజీవి దాకా బాగా కొట్టనిచ్చింది. లక్ష్మీసౌభాగ్యవతి దగ్గరికి వచ్చేసరికి ఆరిపోయింది. పెండ్లికొడుకు ఉండాడు, పెండ్లికూతురు లేదు."

అది కార్వేటినగరం దగ్గర పల్లెనుంచి వచ్చిన కుప్పయ్య కూతురి పెళ్లి పత్రిక. ఆయన అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్లాడు. కంప్యూటరు ఆరిపోవడం ఒక్కటే కాదు, కొట్టినవి దాచుకోకుండా పోగొడుతోంది కూడా. నిన్న కొట్టింది ఈ పొద్దుకు ఉండదు. తినేసింది అనేది టీచరమ్మ, పిల్లి పాలు తాగేసినట్టు.

మూడోసారి వచ్చినప్పుడు కుప్పయ్య కండువా దులిపి అరుగుమీద కూర్చోను కూడా కూర్చోలేదు.

"ఏం టీచరమ్మా, అయిందా?"

"నిన్ననే మొత్తం కొట్టినా కుప్పయ్యా. ఇది తినేసింది."

"ముహూర్తానికి ముందర నువ్వు కొట్టేదెప్పుడు, నేను పంచేదెప్పుడు? మీ కంప్యూటరుకు ఆకలి తీరేదాకా నా కూతురు పీటలమీద కూర్చోకుండా ఉంటాదా?"

"రేపు తప్పకుండా..."

"వద్దులేమ్మా. ఆ కాగితం ఇట్లా ఇయ్యి. తిరుపతిలో కొట్టించుకుంటా."

ఆయన గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే ఆమె కూడా నాలుగు అనేది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అంతకాలంలో ఆమె చేతికిచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకుపోయినవాళ్లు లేరు. ఆ సాయంత్రం ఆమె నన్ను పిలిచి, "కొత్తది కొందాం మే. నువ్వు తోడు రా" అంది.

ముందు ఉన్నదాన్ని ఒకసారి చూపిద్దామని నేనే అన్నాను. తిరుపతి నుంచి సునీల్‌కుమార్ అనే అతను వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేస్తాడు, అమ్ముతాడు, మాటలు బాగా చెబుతాడు. పెట్టె పక్కరేకు మరలు విప్పి లోపలికి చూసి, మమ్మల్నిద్దరినీ చూసి, మళ్లీ లోపలికి చూశాడు.

"టీచరమ్మా, ఇది కంప్యూటరా, దేవుడి గూడా?"

లోపల అంతా నల్లగా, జిడ్డుగా, మసి. గాలిపంకా రెక్కలమీద పసుపు అట్టలు కట్టి ఉంది. ఎండిన మల్లెరేకలు కూడా బయటపడ్డాయి. ఆ గదిలో కరెంటు ప్లగ్గు ఒక్కటే, అది దేవుడి పటాల కింద ఉంది. కాబట్టి కంప్యూటరు పెట్టె కూడా అక్కడే ఉండేది. శుక్రవారం వచ్చిందంటే టీచరమ్మ పటాలకు ఎట్లా చేస్తుందో దానికీ అట్లాగే చేసేది. పసుపు, కుంకుమ, పూలు, ఆ తర్వాత గదంతా కమ్ముకునేటట్టు సాంబ్రాణి. కూడుపెట్టే మిషనుకు పొగ చూపించకుండా ఎట్లా అని ఆమె లెక్క. టైపు మిషన్లకు ఇరవై ముప్పై ఏళ్లు అట్లాగే చేసింది. అవేమీ అనలేదు.

"వారం వారం పొగబెట్టి చంపినారు. ఊపిరాడక పోయింది పాపం" అన్నాడు సునీల్‌కుమార్.

"ఒరే, నేను పెట్టింది సాంబ్రాణిరా, నిప్పు కాదు."

"దానికి భక్తి తెలవదు టీచరమ్మా."

ముగ్గురం నవ్వుకున్నాం. నవీన కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. అందరికీ ప్రాణం తేలికపడింది. ఆరిపోవడానికీ, కొట్టినవి పోవడానికీ, పత్రికలు ఆలస్యం కావడానికీ, అన్నిటికీ కారణం దొరికిపోయింది. సాంబ్రాణి.

కొత్తది కొనడానికి నవీనను చంకనేసుకుని ఆమెతో తిరుపతికి ఆటోలో పోయాను. షాపులో సునీల్‌కుమార్ మాకు ఒక స్క్రీను చూపించి, "ఇప్పుడు తెలుగు కొట్టేది చాలా ఈజీ. ఇంగ్లీషు అక్షరాలు కొడితే అదే తెలుగు చేసుకుంటాది. ఎ, ఎం, ఎం, ఎ కొట్టండి, అమ్మ వస్తాది" అన్నాడు.

టీచరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"అమ్మ అని పిలిచేదానికి ఇంగ్లీషోళ్ల ఇంటిమీదుగా పోవాల్నా? నాకు నా పాత టైపు కీబోర్డే పెట్టియ్యి. నా వేళ్లకు తెలిసిన తావులు మార్చొద్దు."

"సరే సరే. మీ వేళ్లు, మీ ఇష్టం."

"ఇంకోటి. నిన్న కొట్టింది ఈ పొద్దు ఉండాల."

"ఉంటాది టీచరమ్మా. నాది పూచీ."

ఇల్లు చేరాక అతను కొత్త పెట్టెను గదిలో ఇంకో మూలన, కిటికీ పక్కన పెట్టాడు. ప్లగ్గునుంచి పొడుగు తీగ లాగాడు. పొగ తగలకూడదని ఒట్టు పెట్టించుకున్నాడు.

"బొట్టన్నా పెట్టనీరా" అని బతిమాలింది ఆమె.

"టీవీ మాదిరి ఉండేదానికి పెట్టుకో. పెట్టెకు మాత్రం వద్దు."

ఆ శుక్రవారం ఆమె సాంబ్రాణి పళ్లెం పట్టుకుని వాకిట్లో నిలబడి, "ఆడనుంచే కళ్లకద్దుకో తల్లీ, డాక్టరు వద్దన్నాడు" అని కంప్యూటరుకు చెప్పింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

కొన్నాళ్లు బాగా జరిగింది. నేను చదివేదాన్ని, ఆమె కొట్టేది. వేళ్లు కీబోర్డుమీద వడగళ్లు పడినట్టు పడేవి. ఒక్కో మధ్యాహ్నం నేను వచ్చేసరికి నవీన చాపమీద ఇంకా పడుకునే ఉండేది. ఎండకు సోలిపోయింది అనేది టీచరమ్మ. ఆ ఏడు ఎండలు అట్లాగే ఉన్నాయి. నేను నమ్మాను.

ఎండలు ముదిరాక ఒక రాత్రి గాలివాన కొట్టింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలిపోయింది. మరునాడు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కరెంటు లేదు. లాడ్జిలో మోటారు ఆడక, నీళ్లు లేక, నన్ను తొందరగా పంపించేశారు. ఆ రోజంతా టీచరమ్మా, నేనూ, బిడ్డా అరుగుమీదే ఉన్నాం. ఆమె నవీనకు తాటాకు విసనకర్రతో విసురుతూ, టైపు పరీక్షల్లో తప్పులు కొట్టి ఏడ్చిన మగపిల్లల కథలు చెప్పింది. ఒక పంతులుగారి గృహప్రవేశం పత్రిక కొట్టాల్సి ఉంది. కరెంటు వచ్చాక చూద్దాంలే అని ఆ కాగితం కిటికీలో పెట్టింది.

ఆ మరునాడు నేను పనినుంచి వచ్చేసరికి ఆమె కంప్యూటరు ముందు నిలబడి ఉంది. మొహం ఎర్రగా ఉంది.

"ఇదీ అంతే మే! ఇదీ దొంగదే! నిన్నంతా కూర్చుని పంతులు పత్రిక కొట్టినా. సూడు, ఒక్క అక్షరం లేదు. తినేసింది. ఆ సునీలుగాడు నన్ను మోసం చేసినాడు."

"నిన్ననా టీచరమ్మా?"

"నిన్ననే. నువ్వే గదా చదివినావు. నా పక్కనే కూర్చుని చదివినావు."

నేను ఆమె మొహంలోకి చూశాను. అబద్ధం చెప్పే మొహం కాదు. తలమీద ఫ్యాను తిరుగుతోంది. నిన్న అది తిరగలేదు.

"నవీనకు మందు పోసినావా?" అని అడిగాను.

"అదేం మాట? పోయకుండా ఉంటానా?"

బిడ్డ చాపమీద నిద్రపోతోంది. నేను పక్కన కూర్చుని పొట్టమీద చెయ్యి పెట్టాను. పొట్ట పైకి లేచింది, దిగింది. మళ్లీ లేచింది. అట్లా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎండకు సోలిపోయింది అన్న మధ్యాహ్నాలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఆమె ఇంకా సునీల్‌కుమార్‌ను తిడుతూనే ఉంది. నేను లేచి అల్మారా తెరిచి, మందుసీసా కొంగులో చుట్టుకుని, బిడ్డను భుజాన వేసుకుని మా భాగంలోకి వచ్చేశాను. నవీన సాయంత్రానికి లేచి జంతికలు అడిగింది. అప్పుడు గానీ నేను దాని పక్కనుంచి లేవలేదు.

మరునాటి నుంచి బిడ్డను లాడ్జికి తీసుకుపోయాను. మేనేజరు గొణిగాడు. మడత పెట్టిన దుప్పట్ల మధ్య కూర్చోబెడితే ఎవరికీ అడ్డం రాదని చెప్పి ఒప్పించాను. టీచరమ్మతో మాత్రం, నవీన నన్ను విడిచి ఉండడంలేదని చెప్పాను. మధ్యాహ్నాలు ఎప్పటిలాగే పోయి చదివాను. పంతులుగారి పత్రిక ఇద్దరం కలిసి పూర్తి చేశాం. కొట్టిన వెంటనే కాగితంమీదికి దింపేయడం అలవాటు చేశాను. ఆమె కంప్యూటరును తిట్టలేదు.

ఒకరోజు చదువుతూ ఉంటే ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"మే, బిడ్డ మందుసీసా యాడుండాది?"

కాగితం వైపే చూస్తూ, "మా ఇంట్లో పెట్టుకున్నా" అన్నాను.

"ఎప్పుడు ఎత్తుకోని పోయినావు?"

"ఆ పొద్దు. నువ్వు సునీల్‌ను తిడతా ఉన్నప్పుడు."

ఆమె పటం వైపు చూసింది. తప్పుబడుతుందనుకున్నాను. ఇంట్లోనుంచి పొమ్మంటుందేమో అని కూడా అనుకున్నాను.

"మంచి పని చేసినావు" అంది. "నీకు చెప్పాల, సీసా ఎత్తుకోని పొమ్మని చెప్పాల అని పొద్దున అనుకుంటా. సాయంత్రానికి మరిచిపోతా."

అని తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"ఎన్నాళ్ల నుంచి టీచరమ్మా?"

"యాడ గుర్తుంటాది? కంప్యూటరే చెడిపోయింది అనుకున్నా మే. నిజంగానే అనుకున్నా. కొత్తది వస్తే అన్నీ సర్దుకుంటాయి అనుకున్నా." కొత్త పెట్టెను ఒకసారి తడిమి, "పాపం, సునీలును ఊరికే తిట్టినా. ఈ తట్టు వస్తే రమ్మను, కాఫీ ఇస్తా" అంది.

"ఆస్పత్రికి పోదాం. నేను తోడొస్తా."

"పోదాంలే."

ఆ పోదాంలే అన్న మాట ఆ ఎండాకాలం పొడుగునా విన్నాను. పోయే రోజు పొద్దున ఆమె మరిచిపోయేది, లేదా మరిచిపోయినట్టు ఉండేది. ఏది ఏదో చెప్పే తెలివి నాకు లేదు.

"చిత్తూరులో మా బాలుకు మాత్రం చెప్పొద్దు. చెప్పినావంటే వచ్చి నన్ను ఎత్తుకోని పోతాడు. ఆడ నాకేం పని? వాళ్లింట్లో గోడ చూస్తా కూర్చోవాల" అంది.

బాలు అంటే బాలసుబ్రమణ్యం, ఆమె అన్న కొడుకు. చెప్పొద్దన్నా నేను చెప్పాను. ఎస్‌టీడీ బూతునుంచి ఫోను చేశాను. నా భయం అట్లాంటిది. ఆయన మర్యాదగా విని, ఆదివారం వచ్చాడు. వచ్చేసరికి టీచరమ్మ పనిలో ఉంది. నేను చదువుతున్నాను, ఆమె కొడుతోంది. ఒక్క తప్పు లేదు. ఆయన వెనక నిలబడి కాసేపు చూశాడు. పోయేటప్పుడు నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"ఏమ్మా, అంత స్పీడుగా కొడతా ఉంది, నాకే అంత రాదు. మతిమరుపు యాడుండాది? వయసైనోళ్లు ఒకటీ అరా మరిచిపోతారు. నువ్వు జాస్తిగా భయపడే మనిషివంట గదా, అత్తే చెప్పింది."

నేను అవునన్నాను. అది నిజమే కదా.

దసరాకు ముందు మా ఆయనకు సత్యవేడు దగ్గర ఒక ఫ్యాక్టరీలో బండి నడిపే పని దొరికింది. సామాను ఎక్కించే రోజు టీచరమ్మ నవీనను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఇంక మందు ఎవరు పోస్తారు నీకు?" అని అడిగింది. "అమ్మ" అంది బిడ్డ. "అమ్మే పొయ్యాల" అంది ఆమె.

ఇక్కడికి వచ్చి ఏడాది దాటింది. నవీనకు మళ్లీ ఫిట్స్ రాలేదు. మందు ఇంకా పోస్తున్నాను. మొదట్లో వారానికొకసారి టీచరమ్మకు ఫోను చేసేదాన్ని. బిడ్డ ఎట్లుండాది అని ఒకే ఫోనులో మూడుసార్లు అడిగేది. మూడుసార్లూ చెప్పేదాన్ని. ఈ మధ్య ఫోను మోగుతుంది గానీ ఎత్తడంలేదు. బాలసుబ్రమణ్యంగారిని అడిగితే, గుడికి పోయి ఉంటుందిలే అన్నారు. నేను పోదామంటే ఇక్కడ ఇప్పుడు చంకలో ఇంకో బిడ్డ.

అందుకే ఇది చదివే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఎట్లాగూ అమ్మవారి దర్శనానికి తిరుచానూరు పోతారు. దర్శనం అయ్యాక, పూలకొట్ల వెనక వీధిలోకి తిరిగితే నీలం బోర్డున్న ఇల్లు కనబడుతుంది. ఇచ్చట టైపు చేయబడును అని రాసి ఉంటుంది. తలుపు తట్టండి. పత్రిక ఒకటి కొట్టించాలని చెబితే లోపలికి రమ్మంటుంది. ఆమె వేళ్లు చూసి మాత్రం మోసపోకండి. మధ్యలో మంచినీళ్లు కావాలని చెప్పి మీరే లేచి వంటింట్లోకి పోండి. గ్యాసు కట్టేసి ఉందో లేదో చూడండి. అన్నం తిన్నావా టీచరమ్మా అని అడిగితే, తిన్నానంటుంది. గిన్నె మూత తీసి చూడండి.